మేత ఏమైనా మార్చారా?

మొన్న ఆదివారం మా కోడలు సోయాతో చేసే మీల్ మేకర్ పొట్లాన్ని విప్పకుండానే చెత్తబుట్టలో వేయబోతుంటే చేయి పట్టుకుని ఆపాను. "మగపిల్లలకు ఇది పెట్టకూడదట అత్తయ్యా. ఇందులో ఆడవాళ్ల హార్మోను ఉంటుందట. ఫోనులో వీడియో వచ్చింది, తెల్లకోటు వేసుకున్నాయనే చెప్పారు" అంది. మా మనవడికి ఎనిమిదేళ్లు. వారానికి రెండు రోజులైనా మీల్ మేకర్ కూర కనబడకపోతే కంచం ముందు కూర్చోడు. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. బిడ్డ మీద ప్రేమతోనే కదా పారేయబోయింది. కానీ ఆ వీడియోలో చెప్పిన మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. అందుకే ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

నేను పశువుల డాక్టరును. భీమిలి, పద్మనాభం, ఆనందపురం చుట్టుపక్కల ఊళ్లలో 31 ఏళ్లు పనిచేసి, ఇప్పుడు విశాఖ సీతమ్మధారలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మా వృత్తిలో సూది పట్టుకోవడం కన్నా ముందు ఒక ప్రశ్న నేర్పిస్తారు. ఆవు పాలు తగ్గించినా, గేదె ఎదకు రాకపోయినా, మేక ఈచుకుపోయినా మొదట అడగవలసింది ఒక్కటే: "మేత ఏమైనా మార్చారా?" నోరులేని జీవి తన బాధ చెప్పుకోలేదు. దాని కథంతా తిన్న మేతలోనూ వేసిన పేడలోనూ ఉంటుంది.

సోయాలోని ఆ 'ఆడ హార్మోను' కథ కూడా ఈ ప్రశ్నతోనే మొదలైంది. అప్పుడు ఎవరూ సోయా గురించి అడగలేదు, గొర్రెల గురించి అడిగారు.

1940ల మొదట్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెల మందలు గొడ్డుపోవడం మొదలుపెట్టాయి. మేత పుష్కలంగా ఉంది. గొర్రెలు నున్నగా బలిసి ఉన్నాయి. పొట్టేళ్లలో లోపం లేదు. అయినా గొర్రెలు చూడి కట్టడం లేదు, కట్టినవి ఈనలేక చనిపోతున్నాయి, కొన్నిటికి గర్భసంచి బయటకు జారిపోతోంది. ఇంకా వింత ఏమిటంటే, విత్తులు నొక్కించిన పొట్టేళ్లకు కూడా పొదుగు చేపి పాలు కారాయి. తిరుపతి పశువైద్య కళాశాలలో మా మేష్టారు ఈ పాఠం చెప్పిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. పొట్టేలికి పాలు అనగానే వెనక బెంచీల్లో గుసగుసలు ఆగిపోయాయి. బెన్నెట్స్, అండర్‌వుడ్, షియర్ అనే ముగ్గురు 1946లో ఆ రోగాన్ని గురించి రాసి, వేలు మేత వైపు చూపించారు. ఆ పచ్చికబయళ్లలో సబ్‌టెరేనియన్ క్లోవర్ అనే పప్పుజాతి మొక్కను విస్తారంగా వేశారు. మన వేరుశనగలాగే కాయలను నేలలోకి దించుకునే మొక్క అది. నేలకు నత్రజని ఇస్తుంది, మందకు మాంసకృత్తులు ఇస్తుంది. రైతుకు అంతకన్నా ఏం కావాలి? ఆ ఆకుల నిండా ఐసోఫ్లేవోన్లు ఉన్నాయని తర్వాత తేలింది.

ఐసోఫ్లేవోన్లు ఎక్కువగా పప్పుజాతి మొక్కలు తయారు చేసుకునే పదార్థాలు. మొక్క వాటిని మన కోసమో గొర్రెల కోసమో చేసుకోదు. వేరు దగ్గర నత్రజనిని పట్టే సూక్ష్మజీవులను పిలవడానికి, బూజుతెగుళ్ల నుంచి కాపాడుకోవడానికి చేసుకుంటుంది. సోయా వేరు మట్టిలోకి వదిలే జెనిస్టీన్, డైడ్జీన్ అనే ఐసోఫ్లేవోన్ల వాసన పట్టుకునే ఆ సూక్ష్మజీవులు వచ్చి వేళ్ల మీద బుడిపెలు కడతాయి. అయితే ఈ పదార్థాల ఆకారం ఆడజీవుల ఒంట్లో ఉండే ఈస్ట్రోజన్‌కు చాలా దగ్గరగా ఉంటుంది. పంక్తిలో ఒకరి కోసం వేసిన పీట మీద ఇంకొకరు వచ్చి కూర్చున్నట్టు, ఈస్ట్రోజన్ కూర్చోవలసిన చోట ఇవి కూర్చోగలవు. మన ఒంట్లో ఆ పీటలు రెండు రకాలు, ఆల్ఫా, బీటా అని. ఐసోఫ్లేవోన్లు బీటా పీట మీదే ఎక్కువగా కూర్చుంటాయి. కూర్చున్నా అసలు హార్మోను చేసే పనిలో చిన్న వంతు మాత్రమే చేస్తాయి.

మరి గొర్రెలకు అంత అనర్థం ఎందుకు జరిగింది? ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిక పట్టి చదవండి. మొదట అందరూ జెనిస్టీన్‌ను అనుమానించారు, ఎందుకంటే ఈస్ట్రోజన్ గుణం దానికే కొట్టొచ్చినట్టు కనిపించింది. తీరా చూస్తే గొర్రె పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులు, ఆ మేతకు కొద్ది రోజులు అలవాటు పడగానే, జెనిస్టీన్‌ను విరగ్గొట్టి హార్మోను గుణం లేకుండా చేస్తున్నాయి. అసలు దోషి ఫార్మోనోనెటిన్ అనే ఇంకో ఐసోఫ్లేవోన్. దానికి స్వతహాగా బలం దాదాపు లేదు. అవే సూక్ష్మజీవులు దాన్ని డైడ్జీన్‌గా మార్చి, ఆ డైడ్జీన్‌ను ఈక్వాల్‌గా మారుస్తాయి. ఈ ఈక్వాల్‌కు ఈస్ట్రోజన్ గుణం ఉంది. అంటే ఒకే పొట్టలో, ఒకే పూట, ఒక విషానికి విరుగుడు జరుగుతోంది, ఒక నీరసమైన పదార్థానికి కోరలు మొలుస్తున్నాయి. ఏళ్ల తరబడి ఆ మేత మేసిన గొర్రెలకు గర్భాశయ ద్వారం నిర్మాణమే మారిపోయి, మేత మార్చినా కొన్నిటికి సంతానయోగ్యత తిరిగి రాలేదు. అదే మేత తిన్న ఆవులకు మాత్రం గొర్రెలంత నష్టం జరగలేదు. చివరకు ఫార్మోనోనెటిన్ తక్కువగా ఉండే క్లోవర్ రకాలను తయారు చేసుకుని రైతులు గట్టెక్కారు.

ఈక్వాల్ పేరు కూడా పశువుల కొట్టం నుంచే వచ్చింది. 1932లో చూడి గుర్రం మూత్రం నుంచి దాన్ని మొదటిసారి వేరు చేశారు. గుర్రానికి లాటిన్ మాట ఈక్వస్. మనుషుల మూత్రంలోనూ అది ఉంటుందని తెలియడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. అదీ అందరిలో ఉండదు. సోయా తిన్నాక ఈక్వాల్ తయారు చేసుకోగలిగే పేగు సూక్ష్మజీవులు పాశ్చాత్య దేశాల వాళ్లలో నూటికి పాతిక ముప్ఫై మందికే ఉంటాయి. జపాన్, కొరియా, చైనా వాళ్లలో సగానికి పైగా ఉంటాయి. పక్కపక్కన కూర్చుని ఒకే కంచంలో తిన్న ఇద్దరికి ఒకే ఫలితం రాకపోవడానికి ఇది ఒక కారణం.

ఇప్పుడు పిల్లి సంగతి చెప్పాలి. ఆరిలోవ నుంచి ఒక అమ్మాయి తన పిల్లిని తువ్వాలులో చుట్టుకుని నా దగ్గరకు వచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల. ఒళ్లు వేడిగా ఉందని రాత్రి పారాసిటమాల్ మాత్ర సగం విరిచి పాలలో కలిపి పట్టిందట. తువ్వాలు విప్పి పెదవి ఎత్తి చూశాను. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు మట్టిరంగులోకి తిరిగి ఉన్నాయి. మొహం వాచిపోయింది. ఊపిరి కడుపుతో తీస్తోంది. మనిషికి మామూలు జ్వరం మాత్ర అది. పిల్లికి మాత్రం విషం, ఎందుకంటే మన కాలేయం అలాంటి పదార్థాలకు ఒక చక్కెర ముక్క తగిలించి బయటకు పంపేస్తుంది, పిల్లి జాతి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. ఆ పిల్లి బతకలేదు. ఆ అమ్మాయి ఏడుపు ఇన్నేళ్లయినా నా చెవుల్లోంచి పోలేదు. దయచేసి పిల్లులకు మన మాత్రలు వేయకండి.

ఐసోఫ్లేవోన్లను కూడా మన కాలేయం ఆ దారిలోనే బయటకు పంపుతుంది. అమెరికాలో జంతుప్రదర్శనశాలల్లోని చీతాలకు కాలేయ జబ్బులు వచ్చి, సంతానం కలగక ఇబ్బంది పడుతున్న రోజుల్లో, సెట్చెల్ అనే శాస్త్రవేత్త బృందం వాటి తిండిని పరీక్షించి 1987లో ఒక వ్యాసం ప్రచురించింది. వాటికి పెడుతున్న తయారీ ఆహారంలో సోయా కలిసి ఉంది, అందులో ఐసోఫ్లేవోన్లు ఉన్నాయి. జబ్బుకు అది ఒక కారణం అయి ఉండవచ్చని వాళ్లు రాశారు. మాంసం తప్ప మరొకటి తినని జీవికి, ఆ పదార్థాన్ని వదిలించుకునే దారి సరిగా లేని జీవికి, రోజూ గింజల పొడి పెట్టారు. ఎండాడ జూ పార్కులో మనవడికి పులిని చూపించినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

కోళ్ల సంగతికి వస్తే పరిస్థితి వేరు. మన జిల్లాలో కోళ్ల ఫారం పెట్టిన ప్రతి రైతూ మొక్కజొన్న తర్వాత ఎక్కువగా కొనేది సోయా చెక్కే. నూనె తీసేసినా ఐసోఫ్లేవోన్లు నూనెతో పోవు, చెక్కలోనే ఉండిపోతాయి. దశాబ్దాలుగా కోళ్లు అదే తిని గుడ్లు పెడుతున్నాయి. పచ్చసొనలో ఈక్వాల్ జాడలు కూడా కనిపిస్తాయి, అంతే.

అందుకే వీడియోలో ఆయన చెప్పిన మాటకు నేను ఒప్పుకోలేను. గొర్రె కథను తెచ్చి మనవడి కంచంలో వేస్తే కుదరదు. తిన్నది ఎవరు, ఎంత తిన్నారు, వాళ్ల పొట్టలో దానికి ఏమైంది? ఈ మూడూ అడగకుండా ఒక తిండిని విషం అనడం, అమృతం అనడం రెండూ తప్పే.

ఎంత తిన్నారన్నది వంటింట్లో లెక్క వేసుకోవచ్చు. ఎండు సోయా గింజల్లో 100 గ్రాములకు సుమారు 100 నుంచి 150 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు ఉంటాయి. మీల్ మేకర్ ఆ గింజల నుంచి నూనె తీసిన పిండితో చేసిందే కాబట్టి అదే లెక్క పట్టుకుందాం. 100 గ్రాములు నానబెడితే మా ఇంట్లో నలుగురికి సరిపోతుంది. అంటే మనిషికి 25 గ్రాములు, ఐసోఫ్లేవోన్లు పాతిక నుంచి నలభై మిల్లీగ్రాముల లోపు. జపాన్‌లో పెద్దవాళ్లు సగటున రోజుకు 25 నుంచి 50 మిల్లీగ్రాముల దాకా తింటారు, అదీ తరతరాలుగా. మనం తినేది వారానికి రెండు రోజులు.

పైగా మనం వండే పద్ధతిలోనే కొంత పోతుంది. ఆ రోజు పొట్లం విప్పి కోడలికి చూపిస్తూ చేశాను. మరిగిన నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మీల్ మేకర్ వేశాను. పది నిమిషాల్లో గోలీల్లాంటివి ఉసిరికాయలంత ఉబ్బాయి. ఆ నీళ్లు వంపేసి, చల్లటి నీళ్లలో కడిగి, గుప్పెడు గుప్పెడు తీసుకుని పిండాను. లేత పసుపు రంగులో నురగనురగగా నీళ్లు దిగాయి, పచ్చి చిక్కుడు వాసన వేస్తూ. రెండోసారి కడిగి పిండితే నీళ్లు తేటపడ్డాయి. ఆ వాసన పోవడానికే మన వాళ్లు ఇలా పిండుతారు. ఐసోఫ్లేవోన్లలో కొంత భాగం కూడా ఆ నీళ్లతో పాటే సింకులోకి పోతుంది. ఉడికిస్తే మాత్రం అవి పెద్దగా నశించవు. ఉడకడం వల్ల మేలు వేరే ఉంది. పచ్చి సోయాలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం వేడికి పోతుంది. అందుకే పచ్చి సోయా గింజలు దంచి దూడలకు, కోళ్లకు పెట్టవద్దని రైతులకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

మగవాళ్ల భయానికి కూడా జవాబుంది. 2021లో ఒక పరిశోధక బృందం మగవాళ్ల మీద జరిగిన 41 అధ్యయనాలను కలిపి చూసింది. సోయా తిన్నా, ఐసోఫ్లేవోన్ మాత్రలు వేసుకున్నా టెస్టోస్టిరాన్ తగ్గలేదు, ఈస్ట్రోజన్ పెరగలేదు. రొమ్ములు పెరిగిన మగమనిషి కథ ఒకటి ఉంది, అదీ నిజమే. 2008లో వైద్య పత్రికలో వచ్చింది. అరవై ఏళ్ల ఆయన రోజుకు దాదాపు మూడు లీటర్ల సోయా పాలు తాగేవాడు. మానేశాక తగ్గిపోయింది. మూడు లీటర్ల మనిషిని చూపించి నాలుగు ముక్కలు తినే పిల్లవాడిని భయపెట్టడం న్యాయం కాదు. పసిబిడ్డల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. తల్లిపాలు మాని సోయా డబ్బా పాల మీదే పెరిగే బిడ్డకు ఒంటి బరువుతో పోలిస్తే పెద్దవాళ్ల కన్నా ఎన్నో రెట్లు ఐసోఫ్లేవోన్లు అందుతాయి. అది డాక్టరు చెబితేనే పట్టవలసిన పాలు.

ఇప్పటిదాకా చెప్పినదానికన్నా నన్ను బాధపెట్టిన సంగతి మా చెల్లెలిది. గాజువాకలో ఉంటుంది. తొమ్మిదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది, 75 మైక్రోగ్రాములది. ఎప్పుడు పరీక్ష చేయించినా టీఎస్‌హెచ్ (ఒంటికి థైరాయిడ్ హార్మోను చాలకపోతే పెరిగే అంకె) మూడు, మూడున్నర దగ్గర ఉండేది. కిందటేడాది ఒళ్లు బరువెక్కడం, జుట్టు రాలడం, పగలంతా నిద్రమత్తు మొదలయ్యాయి. పరీక్షలో 11 వచ్చింది. వాళ్లు వెళ్లే క్లినిక్‌లో కాగితం చూసి, మాత్రను 100కు పెంచి, రెండు నిమిషాల్లో బయటకు పంపేశారు. ఫోనులో ఏడుస్తూ "ఏమవుతోంది అక్కా నాకు?" అంది. నా నోటి నుంచి అలవాటుగా ఆ ప్రశ్నే వచ్చింది. పశువును అడిగినట్టు కాక, మనిషిని అడిగినట్టు అడిగాను: "తిండిలో ఏమైనా మార్చావా అమ్మా?"

మార్చింది. నెలసరి ఆగాక ఎముకలకు మంచిదని ఎవరో చెబితే, పొద్దున్నే ఒక గ్లాసు సోయా పాలు మొదలుపెట్టింది. మరి మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావని అడిగాను. "ఆ పాలతోనే అక్కా, వేరేగా నీళ్లెందుకని." నాలుగు నెలలుగా ఆ మాత్రలో ఎంత భాగం పేగులోంచి రక్తంలోకి చేరిందో! సోయా ఆ మందును పేగు సరిగా పీల్చుకోనివ్వదు. కాల్షియం, ఐరన్ మాత్రలు, కాఫీ కూడా అలాగే అడ్డుపడతాయి. ఆ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తీసుకోకూడదు. సోయాకైతే ఇంకా ఎక్కువ ఎడం ఉంచాలి. మాత్ర ఇచ్చినవాళ్లు ఆ ఒక్క మాట అడిగి ఉంటే మా చెల్లెలు అన్ని నెలలు కుమిలిపోయేది కాదు. నేను చెప్పింది పట్టుకుని ఆమె వేరే డాక్టరు దగ్గరకు వెళ్లి మొత్తం విప్పి చెప్పింది. ఆయన మాత్ర మళ్లీ 75కే ఉంచి, సోయా పాలు సాయంత్రానికి మార్చి, ఎనిమిది వారాల తర్వాత రమ్మన్నారు. టీఎస్‌హెచ్ మూడున్నరకు వచ్చింది. సోయా పాలు మానలేదు, వేళ మార్చిందంతే.

నా సంగతి కూడా చెబుతాను, ఆడవాళ్లు ఇలాంటివి చెప్పుకోవాలి. యాభై ఒకటో ఏట నాకు రాత్రిళ్లు ఒంట్లోంచి సెగలు వచ్చేవి. మెడ నుంచి మొదలై నెత్తి దాకా ఆవిరి కమ్మినట్టు ఉండేది. జాకెట్టు తడిసిపోయేది, ఫ్యాను కింద చలి పుట్టేది. రాత్రికి ఐదారు సార్లు. హార్మోను మాత్రలు నాకు సరిపడవన్నారు. రోజూ సోయా తినడం మొదలుపెట్టాను, ఒక పూట ఉడికించిన గింజలు, ఒక పూట పాలు. మొదటి నెలంతా ఏమీ తేడా లేదు. మూడో నెలకు రాత్రికి నాలుగు సార్లకు తగ్గాయి. నిద్ర పట్టినంత సేపు పట్టింది. తర్వాత 2012లో వచ్చిన ఒక పరిశీలన చదివాను. సగటున 54 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు ఆరు వారాల నుంచి ఏడాది దాకా తీసుకున్నవాళ్లలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా సెగలు ఐదో వంతు తగ్గాయట. నాకు జరిగింది దానికి దగ్గరగానే ఉంది. ఐదో వంతు అంటే కొందరికి తక్కువ అనిపించవచ్చు. రాత్రి మూడింటికి తడిసిన జాకెట్టుతో కూర్చున్నవాళ్లకు అది తక్కువ కాదు.

రొమ్ము క్యాన్సర్ వచ్చి నయమైన మా ఎదురింటావిడ సోయా పేరు వింటేనే బెదిరిపోయేది. షాంఘైలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 5,042 మంది మహిళలను కొన్నేళ్లు గమనించి 2009లో ఫలితాలు ప్రచురించారు. సోయా తిండి ఎక్కువగా తిన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం, మరణాలు తక్కువగా కనిపించాయి. అది తిండి గురించి చెప్పిన మాట, సీసాల్లో అమ్మే మాత్రల గురించి కాదు. ఆ కాగితం పట్టుకుని తన డాక్టరునే అడగమని ఆవిడతో చెప్పాను, అడిగింది కూడా.

ఆదివారం కూర సంగతికి వస్తాను. పిండిన మీల్ మేకర్‌ను అల్లం వెల్లుల్లి ముద్ద, గసగసాలు, టమాటాతో వండాము. కోడలు పక్కనే నిలబడి తాలింపు వేసింది. మనవడు రెండోసారి వడ్డించుకుని, "నాయనమ్మా, గొర్రెపోతుకు నిజంగా పాలొచ్చాయా?" అని అడిగాడు. వచ్చాయి నాన్నా అని చెప్పి, క్లోవర్ ఆకు ఎలా ఉంటుందో వాడి లెక్కల పుస్తకం వెనక అట్ట మీద బొమ్మ గీసి చూపించాను. మూడు ఆకులు, కింద నేలలోకి దిగిన కాయ.